ఏనుగుకాలు ఈడ్చిన మలుపు

సత్యరాజుకు ‘సుమారుగా’ అన్న మాటంటే ఒళ్ళు మంట. ఎవరైనా ఆ మాట అంటే చాలు, సుమారంటే అటూ ఇటూ ఎంత అని పట్టుకునేవాడు. నేను విజయనగరం దగ్గర ఆ ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన మొదటి వారంలోనే పిల్లల ముందు నన్నలా నిలదీశాడు. నాకు పీహెచ్‌డీ ఉంది, ఆయన పదో తరగతి. నేను అసిస్టెంట్ ప్రొఫెసర్ని, ఆయన ల్యాబ్ అటెండరు. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయన దగ్గర గంటసేపు సణిగాను. నెల తిరిగేసరికి, సత్యరాజు చూడని లెక్క మీద సంతకం పెట్టాలంటే నాకే చెయ్యి ఆడడం మానేసింది.

వయసులో ఉన్నప్పుడు ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో దారాన్ని పరీక్షించే గదిలో పనిచేశాడు. ఒకే కండె నుంచి యాభై ముక్కలు కోసి, ఒక్కో ముక్క ఎంత బరువుకు తెగుతుందో రాయడం పని. దారం ఒకటే, యంత్రం ఒకటే, అంకెలు మాత్రం యాభై రకాలు. తప్పు తన చేతిలో ఉందేమోనని భయపడి, మొదటి రోజు యాభై వరసల్లోనూ ఒకే అంకె రాసి తీసుకెళ్ళాడట. పై ఆయన కాగితం చించేసి, ఏ దారమూ ఇలా తెగదు, వెళ్ళి మళ్ళీ లాగమన్నాడట. ఈ కథ ప్రతి ఏడూ కొత్తగా వచ్చిన పిల్లలకు చెప్పేవాడు. ప్రతిసారీ ఆ పై ఆయన గొంతు ఇంకాస్త పెద్దదయ్యేది.

మా ల్యాబులో రోడ్డు పట్టు కొలిచే పరికరం కూడా ఆయన చేతి పనే. పాత లారీ టైరును పావు వంతు కోసి, లోపల కాంక్రీటు పోసి, ముందు కొక్కెం తగిలించాడు. పిల్లలు దానికి ఏనుగుకాలు అని పేరు పెట్టారు. బరువు ఇరవై కిలోల నాలుగు వందల గ్రాములు. దాన్ని రోడ్డు మీద పెట్టి స్ప్రింగు కాటాతో ఈడ్చాలి. కదులుతున్నంతసేపూ కాటా ఎంత చూపిస్తుందో చూసి, ఆ అంకెను దాని బరువుతో భాగిస్తే వచ్చేదే పుస్తకాల్లో ఘర్షణ గుణకం. ఒక బండి బ్రేకు వేసి ఎంత దూరం జారిందో తెలిస్తే, ఈ పట్టును బట్టి అది ఎంత వేగంతో వచ్చిందో లెక్కకట్టవచ్చు. అందుకే ఎస్సై నరసింగరావు మా ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాడు.

గజపతినగరం దాటాక ఒక మలుపులో కూరగాయల వ్యాను గుద్దుకుని ఎలీసమ్మ అనే యాభై ఎనిమిదేళ్ళ ఆమె చనిపోయింది. రెండో శనివారం, ఉదయం పదిన్నరకు జరిగింది. వ్యాను జారిన గీత ఇరవై నాలుగు మీటర్లని పోలీసులు టేపు పెట్టి కొలిచారు. ఆ మలుపులో యాభై దాటకూడదని బోర్డు ఉంది. డ్రైవరు సోములు తాను నలభై ఐదులో వచ్చానంటున్నాడు. రోడ్డు నిండా ఉలవ పంట పరిచి ఉందని, బ్రేకు వేస్తే బండి దాని మీద జారిపోయిందని చెబుతున్నాడు. పోలీసులు వెళ్ళేసరికి రోడ్డు మీద ఉలవ గింజ కూడా లేదు. ఊళ్ళో అడిగితే ఎవరూ పరచలేదన్నారు. ఇక మిగిలింది అంకె ఒక్కటే. యాభైకి పైన వస్తే సోములు లైసెన్సు పోతుంది, జైలుకు కూడా పోతాడు.

మా ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, మాఘమాసం వచ్చిందంటే సగం రోడ్లు కళ్ళాలే. పీకి ఎండబెట్టిన ఉలవ మొక్కలు తెచ్చి తారు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. కూలీ అక్కర్లేదు, ట్రాక్టరూ అక్కర్లేదు. నేనే ఎన్నోసార్లు స్కూటీ మీద తిట్టుకుంటూ వాటి పక్క నుంచి పోయాను. అయినా ఆ ఉత్తరం చదివినప్పుడు సోములు మాట నమ్మలేదు. గుద్దిన ప్రతి డ్రైవరూ రోడ్డుదే తప్పంటాడు కదా అనుకున్నాను.

ప్రమాదం జరిగిన పదమూడో రోజున నేనూ సత్యరాజూ ఏనుగుకాలును కాలేజీ జీపులో వేసుకుని ఆ మలుపుకు వెళ్ళాం. దారంతా ఆయన నోరు విప్పలేదు. అంతకు ముందు వారం నాలుగు రోజులు సెలవు పెట్టాడు, ఇంట్లో ఎవరో పోయారని. ఆ బాధలో ఉన్నాడనుకుని నేనూ కదపలేదు. పోయింది ఎవరని అడగలేదు. ఆయనది గజపతినగరం అవతల ఏదో ఊరని మాత్రం తెలుసు. ఆరేళ్ళు పక్కపక్కన పనిచేసి ఆ ఊరి పేరు కూడా తెలుసుకోలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

పోలీసులు రెండు వైపులా బళ్ళు ఆపారు. సోములును కూడా పిలిపించారు. నలభై ఏళ్ళుంటాయి, మనిషి బక్కపలచగా ఉన్నాడు. బ్రేకు ఎక్కడ తొక్కాడో చూపించి, పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. ఏనుగుకాలు కదులుతున్నంతసేపూ వాడి చూపు కాటా ముల్లు మీదే ఉంది. సత్యరాజు ఈడుస్తుంటే నేను రాశాను. పద్నాలుగు పాయింట్ రెండు. పద్నాలుగున్నర. పద్నాలుగు. పద్నాలుగు పాయింట్ నాలుగు. ఐదోసారి అయ్యాక ఆయన కాటా విప్పేశాడు.

నాకు ఆశ్చర్యం వేసింది. పది సార్లకు తక్కువైతే లెక్కే కాదనే మనిషి. ఇంకో ఐదు చూద్దామా అన్నాను. అన్నీ దగ్గర దగ్గరే వస్తున్నాయి కదా, చాలన్నాడు. ఆయన నా వైపు చూడలేదు, సోములు వైపు అసలే చూడలేదు. రోడ్డు దిగి జీపెక్కి కూర్చున్నాడు.

ల్యాబుకు వచ్చి లెక్క వేశాను. పట్టు సున్నా పాయింట్ ఏడు, అటూ ఇటూ సున్నా పాయింట్ సున్నా మూడు. ఆ లెక్కన వ్యాను వేగం గంటకు అరవై నాలుగు నుంచి అరవై ఏడు కిలోమీటర్ల మధ్య. ఎంత కిందికి లాగినా యాభైకి దరిదాపుల్లోకి రాలేదు. ఎస్సై ఫోన్ చేస్తే అరవై ఐదు అన్నాను. రేపు మధ్యాహ్నంలోగా కాగితం పంపమన్నాడు.

మర్నాడు ఉదయం రిపోర్టు టైపు చేసి, ఈడ్చిన మనిషిగా సంతకం పెట్టమని సత్యరాజుకు ఇచ్చాను. మామూలుగా అయితే కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి, కనీసం రెండు తప్పులు పట్టుకుంటే గానీ ఆయన సంతకం రాలదు. ఆ రోజు చదవకుండానే పెట్టేశాడు.

నాకు భయం వేసింది. ఆ భయం కోపంగా బయటికొచ్చింది. “సత్యరాజు గారూ, నిన్న ఐదుసార్లకే కాటా విప్పేశారు. ఇవాళ చదవకుండా సంతకం పెట్టారు. ఒక మనిషిని జైలుకు పంపే కాగితం ఇది. అటూ ఇటూ ఎంతో కూడా నన్ను అడగలేదు,” అన్నాను.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. బల్ల మీద ఉన్న కాటాను పక్కకు జరిపాడు.

“ఎలీసమ్మ మా అప్ప మేడమ్,” అన్నాడు. “ఆ దినం నాను ఆల ఇంటికాడే ఉన్నాను. ఉలవ ఉన్నాది. రోడ్డు మీద నలభై అంగల మేర పరిసున్నాది. అప్ప అది తిరగేత్తా ఉంటే బండొచ్చీసినాది.”

అప్పంటే మా వైపు అక్క. మిగతాది ఆయనే చెప్పాడు. శబ్దం విని పరిగెత్తేసరికి ఆమె రోడ్డు పక్కన పడి ఉంది. అప్పటికే ప్రాణం లేదు. ఊరి వాళ్ళు సోములును పట్టుకుని కొడుతున్నారు. ఎలీసమ్మ కొడుకు శాంతికుమార్ ఒక్కసారిగా, రోడ్డు మీద పంట పరిచినందుకు తప్పంతా అమ్మ మీదే వేస్తారని ఏడుపు అందుకున్నాడు. ఎవరు ముందు వంగారో సత్యరాజుకు గుర్తులేదు. మామా మేనల్లుళ్ళు ఇద్దరూ కలిసి పంటనంతా ఎత్తి గోనెల్లో కుక్కారు. రాలిన గింజను చీపురు పెట్టి మట్టిలోకి తోసేశారు.

“అప్ప సేతిలోని సీపురే అది. సవం లెగకముందే రోడ్డు ఊడిసేసినాం మేడమ్.”

అప్పుడు నాకు పోలీసుల ఫోటోలు గుర్తొచ్చాయి. వ్యాను గీత ఏకంగా లేదు, తెగి తెగి ఉంది. కింద ఏదో అడ్డం ఉంటేనే గీత అలా తెగుతుంది. అది నేను చూశాను. చూసి, బండి ఎగిరెగిరి పడి ఉంటుందిలే అనుకుని పక్కన పెట్టాను. మేం కొలిచిన సున్నా పాయింట్ ఏడు తప్పు కాదు, నూటికి నూరుపాళ్ళు నిజం. కాకపోతే ఆ పట్టు ఊడ్చిన రోడ్డుది. సోములు బ్రేకు తొక్కింది ఆ రోడ్డు మీద కాదు.

ఇప్పుడేం చేద్దామని అడిగాను. ఆ రోజు ఎత్తిన పంట ఇంకా వాళ్ళ పశువుల సాలలో గోనెల్లో అలాగే ఉందని, ఎవరికీ దాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదని చెప్పాడు. నేను రిపోర్టు చింపేసి ఎస్సైకి ఫోన్ చేసి ఉలవ సంగతి చెప్పాను. ఆయన మండిపడ్డాడు. నిన్న అరవై ఐదన్నారు, ఇవాళ కాదంటున్నారు, ఇది కాలేజీయా సంతా అన్నాడు. ఆ మాట పడ్డాను. పడాల్సిందే.

రెండు రోజుల తర్వాత ఎస్సైతో కలిసి మళ్ళీ వెళ్ళాం, పదిన్నరకు అక్కడ ఉండేలా. ఎండ పంటను అప్పట్లాగే పెళపెళలాడించాలి కదా. ముందు ఎలీసమ్మ ఇంటి దగ్గర ఆగాం. శాంతికుమార్ సాల తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ వాడు, కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఎస్సైని గానీ నన్ను గానీ లెక్కచెయ్యలేదు.

“అమ్మ సచ్చిపోనాక కూడా అమ్మదే తప్పంటావా మావా?”

సత్యరాజు వాడి భుజం మీద చెయ్యి వేయబోయాడు. వాడు విదిలించేశాడు. ఆ తలుపు తెరుచుకోకపోతే నా దగ్గర ఉన్నది ఒక మనిషి నోటి మాట, ఊరంతా కాదంటున్న మాట. దాంతో ఏ కోర్టూ ఏ అంకెనూ మార్చదు.

“అప్పది తప్పని నానననురా,” అన్నాడు సత్యరాజు. “ఊరంతా పరుస్తాది. నానూ పరిసినోడినే. ఊడిసింది మట్టుకు మనవే. ఆ డ్రైవరు ఊడవనేదు, అప్పా ఊడవనేదు.”

శాంతికుమార్ తలుపుకు అడ్డం తప్పుకోలేదు. ఎస్సై గడియారం చూసుకుంటున్నాడు. బలవంతంగా తలుపు తీయిస్తాడేమోనని నేను ఆయనకు ఆగమని సైగ చేశాను. చివరికి వాడే గొళ్ళెం తీసి, గోనెలు రెండు భుజాన వేసుకుని మలుపు వైపు నడిచాడు. వెనకాల మేం నడిచాం.

రోడ్డు మీద సోములు ఉన్నాడు. గోనెలు చూడగానే కూలబడిపోయాడు. పదిహేను రోజులుగా ఎవరూ నమ్మని మాట ఆ గోనెల్లో ఉంది. ఏడవలేదు గానీ అరచేత్తో నోరు మూసుకున్నాడు.

ఇక్కడే నాకు అసలు చిక్కు వచ్చింది. పంట ఎంత మందం పరిస్తే పట్టు అంత మారుతుంది. ఒత్తుగా పరిస్తే సోములు బయటపడతాడు, పలచగా పరిస్తే ఇరుక్కుంటాడు. ఆ రోజు మందం ఎంతో చెప్పగలిగిన మనిషి చనిపోయింది. ఊరివాళ్ళు నలుగురు చేరి తలా ఒక మందం చెప్పారు. ఒకడు మోకాలి దాకా అన్నాడు, ఇంకొకడు పాదం మునగదన్నాడు. సత్యరాజు ఎవరి మాటా వినకుండా మేనల్లుడి వైపు చూశాడు. ఆ చూపు వాడు తప్పించుకోవాలనుకుంటే తప్పించుకోవచ్చు. పలచగా పరిచి ఊరుకుంటే అడిగే దిక్కు లేదు.

శాంతికుమార్ గోనె విప్పి, మొక్కల్ని చేతులతో దులిపి, పరచడం మొదలుపెట్టాడు. కొంత దూరం వెళ్ళాక ఆగి వెనక్కి చూశాడు. మళ్ళీ వచ్చి పరిచిన చోటే ఇంకో వరస వేశాడు. “అమ్మ ఇంత పలసగా ఏయదు. కాయ నలిగితే తారుకి అతుక్కుంటాదని ఇంకో వరస ఏస్తాది,” అన్నాడు. అని, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. సత్యరాజు వెళ్ళి పక్కన వంగి తానూ పరచడం మొదలుపెట్టాడు.

ఆ రోజులాగే గింజ సగం రాలేదాకా కాసేపు బళ్ళను దాని మీదుగా పోనిచ్చాం. తర్వాత ఏనుగుకాలును దించాం. ఈసారి సత్యరాజు ఐదుసార్లతో ఆగలేదు. శాంతికుమార్ వేసిన మందంలో పది, ఒక వరస తగ్గించి పది, ఒక వరస పెంచి పది. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. మేనల్లుడు ఈడుస్తానంటే ఇవ్వలేదు. కాటా ముల్లు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఆరున్నర, తొమ్మిది, ఏడు పాయింట్ రెండు, ఎనిమిదిన్నర. టైరు కింద మొక్క దొర్లితే కిందికి పడిపోతుంది, తారు దొరికితే పైకి లేస్తుంది. ప్రతి అంకెనూ ఆయన గట్టిగా చదివాడు, నేను రాశాను.

జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని లెక్క తీశాను. సోములు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. పట్టు సున్నా పాయింట్ మూడు ఎనిమిది. వేగం నలభై ఎనిమిది. యాభైకి లోపలే. ఎస్సై నా చేతి పక్క నుంచి తొంగిచూసి, అయితే నలభై ఎనిమిదని రాసేయండి మేడమ్, గొడవ వదిలిపోతుందన్నాడు. నాకూ అదే రాయాలనిపించింది. ఆ మనిషి ఇప్పటికే చెయ్యని దానికి దెబ్బలు తిన్నాడు. నలభై ఎనిమిది అబద్ధం కాదు కదా. పెన్ను కాగితం మీద పెట్టాను కూడా.

“అటూ ఇటూ ఎంత మేడమ్?” అన్నాడు సత్యరాజు.

ఎంతో నాకు తెలుసు. అంకెలు అంత చెల్లాచెదురుగా వచ్చినప్పుడు పట్టులో అటూ ఇటూ సున్నా పాయింట్ సున్నా ఆరు. అంటే వేగం నలభై నాలుగు కావచ్చు, యాభై రెండూ కావచ్చు. నేను గొంతు తగ్గించి, ఆ యాభై రెండు రాస్తే మళ్ళీ వీణ్ణి పట్టుకుంటారు, ఇంతా చేసి ఏం లాభం అన్నాను. మీ అక్క పోయిన రోజు రోడ్డు ఊడ్చినప్పుడు లేని పట్టుదల ఈ అంకెకెందుకు అని కూడా అనేశాను. అనకుండా ఉండాల్సింది.

ఆయన కోప్పడలేదు. కాటా కొక్కెం తుడుస్తూ, “రాయండి మేడమ్. ఓపాలి ఊడిసీసినాను. ఇంకోపాలి ఊడవనేను,” అన్నాడు.

రాశాను. నలభై నాలుగు నుంచి యాభై రెండు. ఏనుగుకాలు బండి టైరు కాదని, పంట మందం కొడుకు జ్ఞాపకాన్ని బట్టి వేసిందని కూడా రాశాను. సత్యరాజు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివాడు. ఒకచోట ఏడును ఒకటిలా రాశానని దిద్దించాడు. అప్పుడు సంతకం పెట్టాడు.

ఎస్సై కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. దీన్ని బట్టి వీడు స్పీడుగా తోలాడని తాను రాయలేనని, తోలలేదని కూడా రాయలేనని అన్నాడు. సాక్ష్యం చెరిపినందుకు నీ మీద కేసు రాయాల్సి వస్తుందని సత్యరాజుతో చెప్పాడు. రాసుకోండి సార్ అన్నాడు సత్యరాజు. పక్కనుంచి శాంతికుమార్, తన పేరు కూడా రాయమన్నాడు.

సోములు దగ్గరికొచ్చాడు. ఈ ముసలాయన ఎవరో వాడికి అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఎవరి ముఖంలోకీ చూడలేక కాగితం వైపు చూస్తూ, యాభై రెండు కూడా అయ్యుండొచ్చనా ఇందులో ఉందని నన్ను అడిగాడు. అవునన్నాను. వాడు సత్యరాజు వైపు తిరిగాడు.

“అయ్యుండొచ్చు బావూ. నలభై ఐదని అందరికీ సెప్పినాను గానీ, నాను మీటరు సూడనేదు.”

ఎస్సై కాగితం మడత పెట్టబోతున్నవాడల్లా ఆగిపోయాడు. ఆ మాట వాడు చెప్పకుండా ఉండవచ్చు. చెప్పమని ఎవరూ అడగలేదు. సత్యరాజు వాడి ముఖంలోకి చూసి, తలూపాడు. అప్ప పోయిన రోజు నుంచి ఆయన ఏడవలేదని తర్వాత తెలిసింది. అప్పుడు, ఆ రోడ్డు మీద, కాటా చేతిలో పట్టుకునే ఏడ్చాడు.

బళ్ళు రెండు వైపులా బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. పంట తీస్తే గానీ దారి ఇవ్వలేం. శాంతికుమార్ గోనె నోరు తెరిచి పట్టుకున్నాడు. సోములు వంగి మొక్కల్ని చేతుల నిండా ఎత్తి అందులో వేశాడు.